అన్నయ్య పట్టిన పిండి

"ఆ సంచి ఇలా ఇవ్వు," అన్నాడు రొట్టెలాయన, మూడోసారి.

రొట్టెలక్క ఇవ్వలేదు. పొయ్యికి ఎదురుగా పీట మీద కూర్చుని, ఖాళీ సంచిని ఒళ్ళో పరుచుకుని, దాని మీద అచ్చు వేసిన కంపెనీ గుర్తుని బొటనవేలితో రుద్దుతోంది. రుద్దితే పోయే గుర్తు కాదది. కట్టెల వెనక దాచిన ఇలాంటి సంచులు నిన్న ఆమె చేతికి ఒకటి కాదు, ఒక కట్ట దొరికాయి. దొరికినప్పటినుంచీ ఇంట్లో అన్నం ఉడకలేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"రాత్రే చెప్పాను కదా."

"మళ్ళీ చెప్పండి."

"మూడు నెలలు."

బల్ల మీద పన్నెండు రొట్టెలు ఆరుతున్నాయి. ఆదివారం కొట్టు తెరవరు. ఆ పన్నెండూ వీధి చివర వేసే ఉమ్మడి బల్లకి వెళ్ళాల్సినవి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వీధిలో వాళ్ళంతా ఇళ్ళలోని బల్లలు తెచ్చి ఒకదానికొకటి ఆనించి, కలిసి కూర్చుని తింటారు. ఎవరేం తెచ్చినా షరతు ఒక్కటే. అది ఈ ఊరి మట్టిలో పండాలి. తెచ్చిన మనిషి లేచి నిలబడి, అది ఎవరు పండించారో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో నలుగురికీ చెప్పాలి. చెప్పాకే గరిటె పడుతుంది.

"మూడు నెలలంటే ఆదివారాలెన్ని?" అంది రొట్టెలక్క.

ఆయన పైకప్పు వైపు చూశాడు.

"పదమూడు. పదమూడుసార్లు లేచి నిలబడి, మా అన్నయ్య మరలో పట్టిన పిండి అని చెప్పాను. మీరు నా పక్కనే కూర్చుని కూర వడ్డించుకున్నారు."

"కూర నా ముందుకొస్తే వడ్డించుకోక ఏం చెయ్యమంటావు?"

రొట్టెలాయనకి అబద్ధమాడటం చేతకాదు. అది ఆయన మొహంలోనే తెలిసిపోతుంది. కానీ నిజం చెప్పకుండా కూర్చోవడంలో ఆయన్ని మించినవాడు ఆ వీధిలో లేడు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో రొట్టెలక్క ఆ విద్య దగ్గర చాలాసార్లు ఓడిపోయింది. ఈసారి మాత్రం ఓడిపోయే ఉద్దేశంలో లేదు.

"రోజూ పొద్దున్నే నేనేం చేసేదాన్నో మీకు తెలుసు కదా?"

ఆయన తల వంచుకున్నాడు. తెలుసు.

రోజూ పొద్దున్నే, ఆయన పిండి తడపక ముందు, ఆమె సంచిలో చెయ్యి పెట్టి చిటికెడు తీసి నాలిక మీద వేసుకునేది. వేళ్ళ మధ్య నలిపి చూసేది. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు ఆగిపోయి మూడేళ్ళయింది. ఆగనిది పిండి ఒక్కటే. ప్రతి మంగళవారం మర నుంచి రొట్టెలాయన తోపుడు బండి మీద సంచులు వచ్చేవి, మూతికి నీలం దారంతో కుట్లు వేసి. ఉత్తరం ముక్క లేదు, కబురు లేదు. అందుకని ఆమె పిండినే ఉత్తరంలా చదువుకునేది. ఊరంతా మరన్న అని పిలిచే అన్నయ్యకి కోపంగా ఉన్న రోజున రాళ్ళు ఎడంగా పెట్టి గబగబా తోసేస్తాడు. పిండి బరకగా వస్తుంది. మనసు కుదురుగా ఉన్న రోజున రాళ్ళు దగ్గరికి జరిపి నిదానంగా పడతాడు. చిన్నప్పటినుంచీ మరలోనే పెరిగిన పిల్లకి ఆ తేడా ఒకరు చెప్పక్కర్లేదు.

దాదాపు మూడేళ్ళపాటు పిండి బరకగానే వచ్చింది. మూడు నెలల క్రితం ఒక మంగళవారం ఉన్నట్టుండి పౌడరులా మెత్తగా వచ్చింది. ఆ పై మంగళవారమూ అంతే.

"ఆ రోజు నేను మీతో ఏమన్నాను?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"చూశారా, అన్నయ్య ఎంత ఓపిగ్గా పట్టాడో, నా మీద కోపం పోతోంది అన్నాను. ఏడ్చాను కూడా. మీరేమన్నారు?"

రొట్టెలాయన గొంతు సవరించుకున్నాడు. "మంచిదే కదా అన్నాను."

మంచిదే కదా. ఆ ఒక్క మాటని పట్టుకుని ఆమె మూడు నెలలు బతికింది. ఈ ఆదివారం వస్తాడు, పై ఆదివారం వస్తాడు అనుకుంటూ ఉమ్మడి బల్ల దగ్గర తన రెండో పక్క కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. అక్కడ నీడ బాగుంటుంది, ఆ కుర్చీ కోసం ఆకుకూరల మామ్మ రెండుసార్లు గొడవ కూడా పెట్టుకుంది. మరన్నకి ఇష్టమని వంకాయ కూర వచ్చినప్పుడల్లా ఒక గిన్నె పక్కకి తీసి మూత పెట్టేది. ఆ గిన్నె సాయంత్రం రొట్టెలాయనే ఖాళీ చేసేవాడు. అదీ ఓ మాట అనకుండానే.

"ఈ పిండి మిషన్ది," అంది సంచి మీద చరుస్తూ. "మిషన్ పిండికి కోపం ఉండదు, ఓపికా ఉండదు. నాకు తెలీలేదు. కళ్ళు మూసుకుని కూడా మా అన్నయ్య పిండిని గుర్తుపడతానని వీధి వీధంతా డప్పు కొట్టుకున్నదాన్ని, నాకే తెలీలేదు."

భర్త మీద కోపం సగమే. మిగతా సగం తన నాలిక మీద.

"అన్నయ్య పిండి పంపడం మానేశాడా? ఆ మాట చెప్పండి చాలు. చెల్లెలింటికి ఇక పిండి లేదు అన్నాడా?"

"ఛ ఛ, అలా ఎందుకంటాడు?"

"మరి?"

రొట్టెలాయన చేతులకంటిన పిండి తుడుచుకున్నాడు. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడిచాడు.

"మర ఆగిపోయింది," అన్నాడు చివరికి. "పట్టడానికి గోధుమలుంటే కదా. కోతలవ్వగానే కంపెనీ లారీలు చేల దాకా వచ్చేస్తున్నాయి. బండి కట్టుకుని మర దాకా తెచ్చేదెవరు? మిగిలిన కాసిని గోధుమలు మనకి పట్టిస్తూ నెల రోజులు ఊరికే కూర్చున్నాడు మీ అన్నయ్య. తర్వాత తలుపుకి తాళం వేసేశాడు."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

పొయ్యిలో ఒక కట్టె విరిగి కింద పడింది.

"ఏమండీ. అన్నయ్య ఇప్పుడేం చేస్తున్నాడు?"

"లారీల అడ్డా దగ్గర కంపెనీ గోడౌన్ లేదూ? అక్కడ బస్తాలు మోస్తున్నాడు. ఈ సంచులు నేను కొనేది అక్కడే. నా బండి మీదికి ఎత్తేదీ ఆయనే."

రొట్టెలక్క చెయ్యి సంచి మీద ఆగిపోయింది.

"మొదటిసారి నన్ను చూసి పక్కకి తప్పుకోబోయాడు. నేనే బావా అని పిలిచాను. నీలం దారం కుట్టిన పాత సంచులు ఇంట్లో ఎన్నున్నాయని అడిగాడు. పిండి వాటిల్లోకి మార్చి కుట్టెయ్యి బావా, గింజకి చెప్పకు, పిండి వస్తున్నంతకాలం అన్నయ్య మర దగ్గరే ఉన్నాడనుకుంటుంది అన్నాడు. యాభై ఆరేళ్ళ మనిషి, నెత్తిన గోనెపట్టా కప్పుకుని నా ముందు నిలబడి ఆ మాట అడిగితే ఏమనమంటావు? సరే అన్నాను."

గింజ. ఆ పేరు విని మూడేళ్ళయింది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లని చూసి పదకొండేళ్ళ అన్న పెట్టిన పేరది. ఊరికంతటికీ రొట్టెలక్క అయినా ఆమెని గింజా అని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కడే.

బస్తాలు మోస్తున్నాడట. ఆ మాటే ఆమెని కాల్చేస్తోంది.

ఎందుకంటే మూడేళ్ళ క్రితం అమ్మ పోయిన రోజున, మర గుమ్మంలో, పదిమంది ముందు ఆమె అన్న మాట అదే. "అమ్మ చేత బస్తాలు మోయించి పొట్టన పెట్టుకున్నావు." డెబ్భై ఏళ్ళ మనిషి పొద్దున్నే మర దగ్గర కూలిపోయిందంటే ఆమెకి ఇంకేమీ తోచలేదు. మరన్న ఒక్క మాట తిరిగి అనలేదు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ మర్నాటినుంచి ఉమ్మడి బల్లకీ రాలేదు. అత్తయ్య ఆ రోజు బస్తా ముట్టుకోలేదని వదిన ఒట్టేసి చెప్పింది. వీధంతా రొట్టెలక్కదే తప్పంది. మొదట్లో ఒప్పుకోలేదు గానీ, రోజులు గడిచేకొద్దీ ఆమెకీ అదే నిజమనిపించింది. నోరు జారి అన్నని పోగొట్టుకున్నాననుకుంది. వెళ్ళి క్షమించమని అడగడానికి ఎన్నిసార్లు చెప్పులేసుకుందో, ఎన్నిసార్లు విప్పేసిందో ఆ గడపకే తెలియాలి.

"రొట్టెలు బుట్టలో పెట్టండి," అంది లేచి.

"ఇవాళ్టికి మానేద్దాం. ఒంట్లో బాగాలేదని చెబుదాం."

"మీరు చెప్పకుండా ఉన్నది చాలు. ఇవాళ నేను చెబుతాను."

*

బల్లల మీద అప్పటికే గిన్నెలు వరస తీరాయి. ఒక ఇంటి బల్ల ఎత్తు, ఒక ఇంటిది పొట్టి, వాటి మీద పరిచిన దుప్పట్లు మెట్లలా ఉన్నాయి. ఇరవై మందికి పైగా ఉన్నారు. దర్జీ తన పెరట్లో కాసిన గుమ్మడికాయ గురించి చెబుతూ చెబుతూ దాని బాల్యంలోకి వెళ్ళిపోయాడు.

"కూర్చో నాయనా, మిగతాది అది కడుపులోకెళ్ళి చెబుతుంది," అంది ఆకుకూరల మామ్మ. ఆవిడకి ఎనభై దాటాయి. ఉమ్మడి బల్ల మొదలుపెట్టింది ఆవిడే, షరతు పెట్టిందీ ఆవిడే. బచ్చలి మడి దగ్గర ఎంత నెమ్మదో, బల్ల దగ్గర అంత కచ్చితం.

రొట్టెల బుట్ట రాగానే చేతులు చాచారు. రొట్టెలక్క బుట్టని బల్ల మీద పెట్టలేదు. చంకన పెట్టుకునే నిలబడింది.

"ఈ పిండి ఈ ఊరిది కాదు," అంది.

దర్జీ నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు.

"ఎవరు పండించారో నాకు తెలీదు. ఏ మట్టిలో పండిందో తెలీదు. కంపెనీ గోడౌన్లో కొన్న పిండి. మూడు నెలలుగా మీకు పెడుతున్నదంతా ఇదే. నాకూ నిన్ననే తెలిసింది. అయినా చెప్పింది నా నోరే కదా, తప్పు నాదే."

రొట్టెలాయన నేల చూపులు చూస్తూ, "ఆవిడది కాదు, నాది," అన్నాడు. ఆయన నోట నలుగురిలో అంత పెద్ద మాట రావడం వీధికి కొత్త.

ఎవరిదో గరిటె గిన్నెలోకి జారింది. రొట్టెలక్కకి తిడితే బాగుండుననిపించింది. ఇరవై మంది ఒక్కసారి మాట్లాడకుండా ఉంటే అంత బరువుగా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది.

"మూడు నెలలుగా రెండో ముక్క అడిగి మరీ తింటున్నాను," అంది మామ్మ. "పెరట్లో కొత్తిమీర వాడితే వాసన చూసి చెప్పేదాన్ని. నా నాలిక్కేం వచ్చింది?"

"మరన్న మర ఎందుకాగింది?" అని అడిగాడు దర్జీ.

"పట్టడానికి గోధుమలు లేవట," అంది రొట్టెలక్క.

ఆ మాటకి బల్ల చివర కూర్చున్న ఒక పెద్దమనిషి కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఏటి పక్కన ఆయనకి ఎనిమిదెకరాల గోధుమ చేనుంది. ప్రతి ఆదివారం గేదె పెరుగు తెచ్చి, గేదె పేరుతో సహా చెప్పి కూర్చునేవాడు. గోధుమల సంగతి ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"లారీ చేలోకే వచ్చింది," అన్నాడు ఆయన, అద్దాల వైపే చూస్తూ. "మోకాళ్ళ నొప్పులు. మర దాకా తోలాలంటే... ఒక్కడి గోధుమలు పోతే మర ఆగుతుందా అనుకున్నాను."

"నేనూ అలాగే అనుకున్నాను," అన్నాడు ఆయన పక్కాయన, బాగా చిన్నగా.

మామ్మ వాళ్ళిద్దర్నీ పైనుంచి కిందికి చూసింది గానీ తిట్టలేదు. ఆవిడ తిట్టడం లేదంటే కోపం ఎంత ముదిరిందో ఆ వీధిలో అందరికీ తెలుసు.

"వంకాయ ఎవరిదో అడిగాం, పెరుగు ఎవరిదో అడిగాం," అంది. "రోజూ తినే రొట్టెకి గోధుమలు ఎవరివో మాత్రం అడగలేదు. మరన్న ఉన్నాడులే అనుకున్నాం. ఉన్నాడో లేడో వెళ్ళి చూసినవాళ్ళు లేరు. మూడేళ్ళుగా ఆ మనిషి ఈ బల్ల దగ్గర కూర్చోకపోతే, అన్నాచెల్లెళ్ళ గొడవ మనకెందుకని నేనూ ఊరుకున్నాను." రొట్టెలక్క వైపు తిరిగింది. "మరన్న ఎక్కడున్నాడే ఇప్పుడు?"

"గోడౌన్లో. ఈ పిండి బస్తాలు మోస్తున్నాడు."

"ఇవాళ కూడానా?"

"వాళ్ళకి ఆదివారం లేదట మామ్మా."

ఆకుకూరల మామ్మ బుట్ట వైపు చూసింది, ఆ పక్కనే ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"అయితే దీన్ని ఇక్కడ పెట్టకు. మోసినవాడు తినకుండా మనం తినేదేంటి? ముందు వాడికి తీసుకెళ్ళు. వస్తే తీసుకురా. వచ్చేదాకా ఎవరూ గరిటె ముట్టుకోరు."

దర్జీ చేతిలో గరిటె కింద పెట్టేశాడు.

*

లారీల అడ్డా దాకా అరగంట నడక. రొట్టెలాయన వెంట వస్తానంటే వద్దంది. దారి పొడుగునా ఒకే మాటని తిప్పి తిప్పి అనుకుంటూ నడిచింది. అన్నయ్యా, ఆ రోజు నేనన్న మాట తప్పు. నన్ను క్షమించు. ఇంటికి రా. మూడే ముక్కలు. మూడేళ్ళుగా నోట్లోనే ఉన్నాయి గనక వాటి కోసం వెతుక్కోనక్కర్లేదు. బల్ల దగ్గర ఇరవై మంది ఎదురుచూస్తున్నారని చెబితే కాదనడు. మర రాళ్ళ సంగతి తర్వాత. ముందు మనిషి వచ్చి పక్కన కూర్చుంటే చాలు. ఆ కుర్చీలో ఆయన కూర్చుని, చేత్తో రొట్టె చింపి, వాసన చూసి, పెదవి విరుస్తాడు కదా, అది చూడాలని ఆమెకి ఎంత ఆశగా ఉందంటే, నడక కాస్తా పరుగైపోయింది.

గోడౌన్ ముందు ఒక లారీ నిలబడి ఉంది. పైనుంచి ఒకడు బస్తా అందిస్తుంటే కింద ముగ్గురు వీపు వంచి అందుకుంటున్నారు. మూడో వీపుని ఆమె వెంటనే గుర్తుపట్టింది. పిండిని గుర్తుపట్టలేకపోయింది గానీ దీన్ని గుర్తుపట్టింది. చిన్నప్పుడు ఏరు దాటేటప్పుడు ఆ వీపు మీదే ఎక్కేది.

మరన్న బస్తా దించి తిరిగాడు. చూశాడు. నెత్తి మీది గోనెపట్టా తీసేసి వెనక్కి దాచాడు.

"బావ చెప్పేశాడా?"

"నేనే కనుక్కున్నాను."

"పిండిని బట్టా?"

ఆమెకి ఏం చెప్పాలో తెలీలేదు. అవునంటే అబద్ధం. "సంచులు దొరికాయి," అంది.

మరన్న నవ్వాడు. పళ్ళ మధ్య కూడా తెల్లగా పిండి. "నీకు తెలిసిపోతుందని రోజూ భయపడ్డాను. తెలీకపోతే... అదీ కొంచెం కష్టంగానే ఉండింది."

ఇద్దరూ గోడ నీడకి జరిగారు. మేస్త్రీ అటు చూసి, ఏదో అనబోయి, ఆమె మొహం చూసి ఊరుకున్నాడు.

"అన్నయ్యా," అంది రొట్టెలక్క. అక్కడిదాకా బాగానే వచ్చింది. "ఆ రోజు గుమ్మంలో నేనన్న మాట తప్పు. అందరూ చెప్పారు, నేనే వినలేదు. అమ్మ పోయిన బాధలో ఏం మాట్లాడానో నాకే తెలీలేదు. నన్ను క్షమించు. బల్ల దగ్గర అందరూ నీకోసం చూస్తున్నారు. మామ్మ ఎవర్నీ తిననివ్వడం లేదు. రా అన్నయ్యా."

అనుకున్నవన్నీ అనేసింది. బుట్టలోంచి ఒక రొట్టె తీసి, గుడ్డ విప్పి చేతిలో పట్టుకుంది.

మరన్న రొట్టె వైపు చూడలేదు. గోనెపట్టాని వేళ్ళకి చుట్టుకుంటున్నాడు.

"ఎవరు చెప్పారు తప్పని?"

"వదినే చెప్పింది. అమ్మ బస్తా ముట్టుకోలేదని ఒట్టేసింది."

"మీ వదినకి నేను చెప్పిందే తెలుసు."

లారీ మీద మనిషి ఏదో కేకేశాడు. మరన్న వినిపించుకోలేదు.

"ముందురోజు బాగా పొద్దుపోయేదాకా మర తిప్పాను గింజా. పొద్దున అమ్మ వచ్చి లేపింది. బండి మీద నాలుగు బస్తాలున్నాయి, దించాలిరా అంది. నీకు తొందరైతే నువ్వే దించుకో అన్నాను. అటు తిరిగి పడుకున్నాను." ఆగాడు. "మూడు దించింది."

ఆమె లారీ మీది బస్తాల వైపు చూసింది.

"నువ్వన్న మాట నిజం. ఆ గుమ్మంలో ఉన్న పదిమందిలో నిజం చెప్పింది నువ్వొక్కదానివే. నీ మీద కోపమని అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. నాకు నీ మీద కోపం ఏనాడూ లేదు. నీ ఎదురుగా కూర్చుని ఎలా తినను? అందుకే రాలేదు. పిండి పట్టి పంపించడం ఒక్కటే చేతనైంది."

మూడేళ్ళుగా తనని తానే తిట్టుకున్న రాత్రులన్నీ ఒకేసారి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. అమ్మ చేతులు గుర్తొచ్చాయి, సన్నగా, మణికట్టు దగ్గర నరాలు తేలి. ఆ చేతులు మూడు బస్తాలు దించాయి. నాలుగో దాని దగ్గర ఆగిపోయాయి. ఆమె ఇక్కడికి క్షమించమని అడగడానికి వచ్చింది. క్షమించాల్సి వస్తుందని అనుకోలేదు. దానికి సిద్ధపడి రాలేదు.

"ఇప్పుడు కూడా రమ్మంటావా?" అన్నాడు మరన్న. పసిపిల్లాడు అడిగినట్టు అడిగాడు. "రమ్మంటే వస్తాను. మేస్త్రీకి చెప్పి ఇలాగే వచ్చేస్తాను."

ఆ మాట కోసమే కదా మూడు నెలలు కుర్చీ ఖాళీగా ఉంచింది. అవుననడానికి నోరు తెరిచింది. అమ్మ చేతులే మళ్ళీ కళ్ళ ముందుకొచ్చాయి.

మరన్న అరచేతులు లుంగీకి తుడుచుకుని, రొట్టె కోసం రెండు చేతులూ చాచాడు. రొట్టె ఆమె చేతిలోనే ఉంది. ఇవ్వాలనే ఉంది. ఆ చెయ్యి ముందుకు కదలలేదు.